కాలేజీలో గివెన్ డేటా ఇస్తారు, సైట్‌లో మనమే తేవాలి

ప్రశ్న: సివిల్ ఫైనల్ ఇయర్‌లో ఉన్నాను. ఆర్‌సీసీ (స్టీల్ వేసిన కాంక్రీట్) డిజైన్‌లో మంచి మార్కులే వచ్చాయి. సైట్‌కి వెళ్లాక చదివిందేదీ పనికిరాదని సీనియర్లు అంటున్నారు. నిజమేనా?

జవాబు: పనికిరాదనేది కొత్తవాళ్లను బెదరగొట్టే మాట. చదివిందంతా పనికొస్తుంది, కాకపోతే తిరగేసి వాడాలి. పరీక్ష పేపర్లో లెక్క మొదటి లైన్ చూడండి: కాంక్రీట్ గ్రేడ్ ఎం25, స్టీల్ గ్రేడ్ ఎఫ్ఈ500, ఎఫెక్టివ్ డెప్త్ (నొక్కుడు పడే ముఖం నుంచి రాడ్ మధ్య దాకా లోతు) 100 మి.మీ. ఆ లైన్ ఊరికే ఇస్తారు, మార్కులన్నీ దాని కింద మీరు రాసే రెండు పేజీలకే. సైట్‌కి వచ్చేసరికి ఆ రెండు పేజీలూ డిజైన్ ఆఫీసులో అయిపోయి, డ్రాయింగ్ రూపంలో చేతికొస్తాయి. మీ డ్యూటీ అంతా ఆ మొదటి లైన్‌తోనే.

బాల్కనీ స్లాబ్ తీసుకోండి. మందం 125 మి.మీ., పైన కవర్ (రాడ్ మీద కప్పే కాంక్రీట్) 20, మెయిన్ రాడ్ 10 ఎం.ఎం. 125లోంచి 20, రాడ్‌లో సగం 5 తీసేస్తే డెప్త్ 100. క్యాంటిలీవర్‌కి (ఒక వైపే ఆనుకుని, రెండో కొస గాల్లో ఉండే స్లాబ్‌కి) మెయిన్ స్టీల్ పైన ఉండాలని మీకు తెలుసు. కాంక్రీట్ వేసే రోజు ఆ పై మెష్ (రాడ్ల జాలీ) మీద పదిమంది తొక్కుకుంటూ నడుస్తారన్న సంగతి మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు. వైబ్రేటర్ పట్టుకున్నవాడు, పంపు పైపు లాగేవాళ్లు, పార పట్టినవాళ్లు అందరూ దాని మీదే. చైర్లు (పై మెష్‌ని ఎత్తి పట్టే వంచిన రాడ్ ముక్కలు) సరిగా లేకపోతే రాడ్ 30 మి.మీ. దిగిపోతుంది. డెప్త్ 70కి వచ్చింది, అంటే ఒక్క కిలో స్టీల్ తగ్గకుండానే బలంలో దాదాపు 30 శాతం పోయింది. పైన ఫినిషింగ్ నున్నగా ఉంటుంది కాబట్టి ఎవరికీ కనపడదు.

దీనికి మందు చైర్ ఎత్తు ముందే లెక్కగట్టి, రాడ్ అంతకి వంపించడం. కింద 8 ఎం.ఎం. మెష్ ఉంటే రెండు వరుసలకు 16, పైన మెయిన్ 10, డిస్ట్రిబ్యూషన్ (అడ్డంగా వేసే రాడ్) 8 కలిపి 18, రెండు కవర్లకు 40. 125లోంచి ఇవన్నీ పోగా మిగిలేది 51 మి.మీ. చైర్ ఎత్తు అదే. మేస్త్రీకి వదిలేస్తే చేతికొచ్చిన ఎత్తులో వంచుతాడు. మీటరుకొకటి పెట్టించి, నడవడానికి చెక్కలు వేయించి, కాంక్రీట్ రాకముందు టేపు పెట్టి చూడండి: షట్టరింగ్ ప్లేట్ (కాంక్రీట్ కింద పరిచే అచ్చు) నుంచి పై రాడ్ పై అంచుకి 105 రావాలి. నాలుగైదు చోట్ల, ముఖ్యంగా బీమ్ దగ్గర చూడాలి, ఎందుకంటే మూమెంట్ (వంచే ప్రభావం) ఎక్కువ ఉండేదీ జనం ఎక్కువగా తొక్కేదీ అక్కడే.

అదే బాల్కనీకి జాకీలు (కింద నిలబెట్టిన ఊతాలు) తీయడం ఇంకో మెలిక. కొస నుంచి మొదలుపెట్టి బీమ్ వైపుకి రావాలి. బీమ్ దగ్గరివి ముందు తీస్తే కొసన ఉన్న జాకీ సపోర్ట్ అవుతుంది, స్లాబ్ రెండు వైపులా ఆనుకున్న పలకలా పనిచేస్తుంది, టెన్షన్ (లాగుడు) కింది ముఖానికి మారుతుంది. కింద మీరు పెట్టింది నామమాత్రపు స్టీలే కదా. బెండింగ్ మూమెంట్ డయాగ్రమ్ వచ్చినవాడికి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. సెంట్రింగ్ కూలీకి తెలియాల్సిన అవసరం లేదు, చెప్పాల్సింది మీరే.

ఇక నీళ్లు. సైట్‌లో తగాదాల్లో సగం వీటి మీదే. మిక్స్ డిజైన్‌లో ఎం25కి సిమెంట్ 350 కిలోలు, నీరు 158 లీటర్లు, నీరు-సిమెంట్ నిష్పత్తి 0.45 అని రాసి ఉందనుకోండి. ఆ లెక్కలో ఇసుక లోపల తడిసి, పైన పొడిగా ఉన్నట్టు తీసుకుంటారు. మీ కుప్ప మీద రాత్రి వాన పడింది. 500 గ్రాముల ఇసుక పెనం మీద వేయించి తూయండి. 476 వచ్చిందంటే 24 గ్రాముల నీరు, దాదాపు 5 శాతం. ఇసుక తనలోకి పీల్చుకునేది 1 శాతం తీసేస్తే పైన ఉన్న తడి 4. క్యూబిక్ మీటరుకి 700 కిలోల ఇసుక వేస్తే దాంతో పాటు 27 లీటర్ల నీరు చెప్పాపెట్టకుండా వచ్చి కూర్చుంటుంది. 158 కాస్తా 185, నిష్పత్తి 0.53. ఐఎస్ 456 (కాంక్రీట్ పనుల భారతీయ ప్రమాణం) ప్రకారం మోడరేట్ ఎక్స్‌పోజర్‌లో (ఓ మోస్తరు వాతావరణ తాకిడిలో) ఆర్‌సీసీకి గరిష్ఠం 0.50. మీరు ఏ తప్పూ చేయలేదు, మిల్లర్‌లో (కాంక్రీట్ కలిపే మెషిన్‌లో) ఒక్క చెంబు కూడా ఎక్కువ పోయలేదు, అయినా గీత దాటేశారు. కాబట్టి ఆ 27 లీటర్లు నీటిలో తగ్గించి, ఇసుక అంత బరువు పెంచాలి. మే నెలలో దీనికి సరిగ్గా ఎదురు: ఎండిన కంకర, రోబో శాండ్ (రాయి నూరి చేసిన ఇసుక) నీళ్లు తాగేస్తాయి, స్లంప్ (కాంక్రీట్ జారుడుతనం కొలత) చూస్తుండగానే పడిపోతుంది. ముందు రోజు సాయంత్రం కంకర మీద నీళ్లు చల్లించడం వల్ల సగం గొడవ తగ్గుతుంది.

రెడీమిక్స్ (ప్లాంట్‌లో కలిపి లారీలో వచ్చే కాంక్రీట్) అయితే ట్రాన్సిట్ మిక్సర్ డ్రైవరే నీళ్ల పైపు తిప్పుతాడు, పంపు ఆపరేటర్ "గట్టిగా ఉంది సార్" అనగానే. 6 క్యూబిక్ మీటర్ల లోడులో 120 లీటర్లు పోస్తే మీటరుకి 20 లీటర్లు, అంటే 0.51. వద్దని ఊరికే అరిస్తే పని ఆగదు. ప్లాంట్ వాళ్లు చెప్పిన మోతాదులో అడ్‌మిక్చర్ (నీళ్లు పెంచకుండా కాంక్రీట్‌ని జారేలా చేసే మందు) వేయించి, డ్రమ్ వేగంగా తిప్పించి, స్లంప్ మళ్లీ చూడాలి. చలానా మీద బ్యాచింగ్ టైము చూడటం మరవద్దు. లోడైనప్పటి నుంచి 2 గంటలు దాటిన లారీని వెనక్కి పంపగల ధైర్యం ఏ ల్యాబ్‌లోనూ నేర్పరు.

స్టీల్ దగ్గర తేడా డబ్బు రూపంలో కనిపిస్తుంది. కాలేజీ ఎస్టిమేషన్‌లో టన్నులు వస్తే లెక్క అయిపోయినట్టే. సైట్‌కి వచ్చేవి 12 మీటర్ల రాడ్లు. 230 × 450 బీమ్‌కి 25 కవర్‌తో రింగు (మెయిన్ రాడ్ల చుట్టూ కట్టే స్టిరప్) వేసి చూడండి: బయటి కొలత 180 × 400, చుట్టూ 1160. రెండు హుక్కులకు 10డి (డి అంటే రాడ్ వ్యాసం, ఇక్కడ 8) చొప్పున 160 కలపండి. మూడు 90 డిగ్రీల వంపులకు 2డి చొప్పున 48, రెండు 135 వంపులకు 3డి చొప్పున 48 తీసేయండి. 8 ఎం.ఎం. రింగు కోత పొడవు 1224 మి.మీ. 12 మీటర్లలో 9 ముక్కలొస్తాయి, 984 మి.మీ. మిగులుతుంది. దాన్ని స్క్రాప్‌లో పారేస్తే పోయినట్టే. అదే సైట్‌లో 230 × 150 లింటల్ ఉంటే దాని రింగు పొడవు 624, ఆ మిగులులో ఒకటి సరిపోతుంది. బార్ బెండింగ్ షెడ్యూల్ (రాడ్ల కోత, వంపుల పట్టిక) అంటే ఇలా ముక్కలు పొదగడమే, గుణించడం కాదు.

తూకంలోనూ చూసుకోవాలి. డి స్క్వేర్ బై 162 ప్రకారం 8 ఎం.ఎం. రాడ్ మీటరుకి 0.395 కిలో. స్టీల్ ప్రమాణం ఐఎస్ 1786 ఈ సైజుకి 7 శాతం అటూ ఇటూ ఒప్పుకుంటుంది. మీరు కొనేది వేబ్రిడ్జి తూకం మీద, క్లయింట్ బిల్లు ఇచ్చేది డ్రాయింగ్ పొడవుని 0.395తో గుణించి. రాడ్ 4 శాతం బరువుగా వస్తే టన్నుకి దాదాపు 40 కిలోలు కాంట్రాక్టర్ జేబులోంచి పోతాయి. లోడు దిగగానే మీటరు ముక్కలు కోసి తూచడం అందుకే.

కొలతల భాష కూడా వేరు. డ్రాయింగ్‌లో 150 మి.మీ. స్పేసింగ్, మేస్త్రీ టేపులో ఆరంగుళాలు, అంటే 152.4. 6 మీటర్ల స్లాబ్‌లో 41 రాడ్లు రావాల్సిన చోట 40 వస్తాయి. స్పేసింగ్ కాకుండా సంఖ్య చెప్పండి, గొడవ ఉండదు. బిల్లుల సంగతి ఒక్క ముక్క: ప్లాస్టరింగ్‌లో 0.5 చ.మీ. దాకా ఉన్న ఖాళీలు కొలతల ప్రమాణం ఐఎస్ 1200 ప్రకారం తీసేయరు, 0.5 నుంచి 3 చ.మీ. దాకా ఒక వైపే తీస్తారు. కిటికీలన్నీ రెండు వైపులా తీసేసే కొత్త ఇంజినీరంటే క్లయింట్ వైపు వాళ్లకి మహా ఇష్టం.

డ్రాయింగ్ ఒక్కటే ఉంటుందన్న నమ్మకం కూడా కాలేజీతోనే వదలాలి. ఆర్0 (మొదటి డ్రాయింగ్) మీద స్టీల్ కోశాక ఆర్2 (రెండోసారి మార్చింది) వస్తుంది. మేస్త్రీ చేతిలో నలిగిన కాగితం ఏ రివిజనో చూడండి, పాతదైతే లాక్కుని దాని మీద "రద్దు" అని రాయండి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో చూసి రాడ్ కట్ చేయించవద్దు.

చివరగా, జవాబు ఎప్పుడు తెలుస్తుందన్నది. పరీక్షలో జవాబు రాసేముందు అన్నీ తెలిసిపోయి ఉంటాయి. ఇక్కడ స్లాబ్ పోసిన రోజు 150 మి.మీ. క్యూబులు (అదే కాంక్రీట్ నింపిన పరీక్ష దిమ్మలు) తీస్తారు, ఫలితం 28 రోజులకు. అప్పటికి దాని పైన ఇంకో స్లాబ్ లేచిపోయి ఉంటుంది. 7 రోజుల క్యూబు అందుకే ముఖ్యం: ఓపీసీతో (మామూలు పోర్ట్‌ల్యాండ్ సిమెంట్‌తో) ఎం25కి ఆపాటికి 16, 17 మెగాపాస్కల్స్ ఉండాలి. పీపీసీ (ఫ్లై యాష్ లాంటివి కలిపిన సిమెంట్) అయితే మొదట్లో నెమ్మదిగా ఎక్కుతుంది, కంగారు పడొద్దు, అలాగని జాకీలూ తొందరపడి తీయొద్దు. జాకీలు తీయడానికి 4.5 మీటర్ల లోపు స్పాన్ (ఆనికల మధ్య దూరం) ఉన్న స్లాబ్‌కి 7 రోజులు, అది దాటితే 14 అని ఐఎస్ 456లో ఉన్నది ఓపీసీకి. 7 రోజుల క్యూబు 12 మెగాపాస్కల్సే వస్తే జాకీలు కదపనివ్వకండి, పై స్లాబ్ షట్టరింగ్ ఆపించండి, బ్యాచ్ షీట్, క్యూబులు ఎలా నింపారో, ఎక్కడ నానబెట్టారో ముందు చూడండి. చాలాసార్లు క్యూబే ఎండలో పడి ఉంటుంది. క్యూబు బాగానే ఉండి ఫలితం 28 రోజులకీ తక్కువే ఉంటే కోర్ (గట్టిపడ్డ కాంక్రీట్‌లోంచి కోసిన గుండ్రటి ముక్క) తీయించాలి. మూడు కోర్ల సగటు ఆ వయసుకి రావాల్సిన క్యూబు బలంలో 85 శాతం ఉండాలి, ఏ ఒక్కటీ 75కి తగ్గకూడదు. కోర్ ఎక్కడ కోయాలో మార్కు చేసేటప్పుడు స్టీల్ డ్రాయింగ్ పక్కన పెట్టుకోండి, బిట్టు రాడ్‌ని కోసేస్తే ఇంకో తలనొప్పి.