వార్ ఈగిల్ వంతెన ఎక్కితే భయమెందుకు?

ప్రశ్న: మేం అమెరికాలో బెంటన్‌విల్‌లో ఉంటాం. ఇండియా నుంచి వచ్చిన నాన్నగారికి వార్ ఈగిల్ మిల్లు చూపిద్దామని తీసుకెళ్తే, అక్కడి పాత ఇనుప వంతెన మీద చెక్కలు దడదడలాడి ఆయనకు ఒకటే టెన్షన్. పైకమ్మీలు మధ్యలో ఎత్తుగా, చివర్లకి వాలుగా ఉన్నాయి, అందం కోసమా? ఒక్క కారే పట్టే ఈ వంతెన తీసేసి కొత్తది కట్టరేం?

జవాబు: చప్పుడు చేసేది కింద పరిచిన చెక్కలు, బరువు మోసేది రెండు పక్కలా ఉన్న ఉక్కు త్రికోణాలు, ఈ సంగతి ముందు నాన్నగారికి చెప్పండి. చతురస్రం మూల నొక్కితే ఒరిగిపోతుంది, త్రికోణం భుజాల పొడవు మారితే తప్ప ఆకారం మారదు, ఇలా త్రికోణాలు కలిపి కట్టే ట్రస్ వంతెన కిటుకంతా అదే. పైకమ్మీ మీద నొక్కుడు, కింది కమ్మీ మీద లాగుడు పడతాయి, రెండూ నడిమధ్యలోనే ఎక్కువ, అందుకే అక్కడ ఎత్తు కావాలి. చివర్లలో అంత అక్కర్లేదు కాబట్టి వాలుగా దించి ఉక్కు మిగుల్చుకున్నారు. దీన్ని పార్కర్ ట్రస్ అంటారు. అందం కొసరు!

ఇరుకంటారా, కట్టింది 1907లో. ఫోర్డ్ వాళ్ల మోడల్ టీ కారు వచ్చిందే 1908లో, కట్టినవాళ్ల లెక్కంతా గుర్రపు బళ్లది. అన్నట్టు, పక్కనున్న మిల్లు చూడ్డానికి పాతకాలందిలా ఉంటుంది గానీ ఇప్పుడున్న కట్టడం 1970లలో లేపింది, అసలైన పాతది మీరు భయపడ్డ ఆ వంతెనే.

ఇక తీసెయ్యడం సంగతి. 1985లో దీన్ని అక్కడి జాతీయ చారిత్రక కట్టడాల జాబితాలో చేర్చారు, కానీ జాబితాలో ఉన్నంత మాత్రాన కూల్చకూడదనేమీ లేదు, ఫెడరల్ (అక్కడి కేంద్ర ప్రభుత్వం) డబ్బుతో పని చేస్తే మాత్రం ముందు సమీక్ష జరగాలి. నన్నడిగితే పల్లె రోడ్డుకి అది చాలు, బరువు బళ్లు వేరే దారిన పోవచ్చు.

నాన్నగారు రాజమండ్రి–కొవ్వూరు రోడ్డు కం రైలు వంతెన మీద రైల్లో వెళ్లి ఉంటే, కిటికీ పక్కన గబగబా వెనక్కి పోయినవీ ఇలాంటి కమ్మీలే అని గుర్తు చేయండి. ఈసారి ఒడ్డున నిలబెట్టి పక్కనుంచి చూపించండి, కార్లో కూర్చుంటే ఆ వాలు సరిగ్గా కనబడదు.