మానసిక వైద్య వార్డుకు వెళ్లబోయే నర్సింగ్ విద్యార్థులకు

చిరంజీవులైన విద్యార్థినీ విద్యార్థులకు ఆశీస్సులు.

మానసిక వైద్య వార్డులో పోస్టింగ్ మొదలవుతోందని, భయంగా ఉందని మీలో కొందరు రాశారు. రోగులతో నాలుగు రోజులు మాట్లాడితే ఆ భయం దానంతటదే తగ్గుతుంది కాబట్టి దాని గురించి ఎక్కువ రాయను. అంతకన్నా కష్టమైనది, కళ్లతో చూసినదాన్ని మనం ఊహించుకున్నదాని నుంచి వేరుచేసుకోవడం. ఈ వార్డులో నర్సు నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడతాయి.

కేస్ షీట్‌లో "రోగి దురుసుగా ఉన్నాడు" అని రాస్తే తరువాతి డ్యూటీవారికి మీ అభిప్రాయం మాత్రమే అందుతుంది. "రాత్రి 9 గంటల నుంచి వరండాలో అటూ ఇటూ నడుస్తున్నాడు, కూర్చోమంటే కూర్చుని వెంటనే లేచాడు, లోపలి నుంచి ఎవరో తరుముతున్నట్టుందన్నాడు, ఎవరి మీదికీ వెళ్లలేదు" అని రాస్తే డాక్టరుకు ఒక దారి కనిపిస్తుంది. భ్రాంతులను, ఉద్రేకాన్ని తగ్గించడానికి ఇచ్చే హాలోపెరిడాల్ వంటి మందు మొదలుపెట్టాక, లేదా మోతాదు పెంచాక, కొద్ది రోజుల్లో కనిపించే ఇటువంటి నిలకడలేనితనం జబ్బు ముదరడం కాకుండా, ఆ మందు వల్లే వచ్చిన అకతీసియా కావచ్చు. దాన్ని ఉద్రేకమని పొరబడి అదే మందును మళ్లీ ఇంజెక్షన్‌గా ఇస్తే రోగి బాధ ఇంకా పెరుగుతుంది. అందువల్ల, అవసరమైతే ఇవ్వమని రాసి ఉన్న ఇంజెక్షన్ సిద్ధం చేసే ముందు, ఆ మందు ఎప్పుడు మొదలైందో, ఈ నడక అంతకుముందు నుంచే ఉందో లేదో మందుల చార్టుతో సరిచూసుకోండి. "మనసు కంగారుగా ఉందా, కాళ్లు ఊరుకోనివ్వడం లేదా" అని రోగినే అడగండి. అడగడానికి నిమిషం పట్టదు, అయినా డ్యూటీ హడావిడిలో అందరూ వదిలేసేది ఈ ప్రశ్ననే.

శరీరాన్ని మరచిపోవద్దు. నిన్నటిదాకా బాగున్న పెద్దవారు హఠాత్తుగా పొంతన లేకుండా మాట్లాడుతూ, గంటకో తీరుగా ఉంటూ, లేని మనుషులు కనిపిస్తున్నారంటే అది డెలీరియం, అంటే శరీరంలోని జబ్బు వల్ల హఠాత్తుగా వచ్చే అయోమయ స్థితి, కావచ్చు. ముందు టెంపరేచర్, పల్స్, ఆక్సిజన్, షుగర్ చూడండి. మద్యం మానేసిన 2 నుంచి 4 రోజుల మధ్య వణుకు, చెమటలు, అయోమయం కనిపిస్తే అది ప్రాణం మీదికి వచ్చే స్థితి. మనఃస్థితి తీవ్రంగా హెచ్చుతగ్గులయ్యేవారికి ఇచ్చే లిథియం మందు రక్తంలో సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండాలి. అది వాడుతున్నవారికి వాంతులు, విరేచనాలు, తూలడం, మాట ముద్దగా రావడం మొదలైతే తరువాతి మోతాదు ఇవ్వకముందే డాక్టరుకు తెలియజేయండి. స్కిజోఫ్రెనియాకు ఇచ్చే క్లోజపిన్ వాడుతున్నవారి గొంతు నొప్పిని, జ్వరాన్ని మామూలు జలుబుగా తీసుకోవద్దు, ఆ మందు తెల్ల రక్తకణాలను తగ్గించగలదు కాబట్టి వాటి పరీక్ష కావాలి.

వినిపించే గొంతుల గురించి రోగితో వాదించకండి, అలాగని ఒప్పుకోకండి. "నాకు వినిపించడం లేదు గానీ మీకు వినిపించి భయపెడుతోందని అర్థమవుతోంది" అని చెప్పి, అవి ఏమైనా చేయమంటున్నాయా అని తప్పక అడగండి. చనిపోవాలన్న ఆలోచనలు ఉన్నాయా అనీ సూటిగానే అడగాలి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు, పైగా చాలామంది ఎవరో ఒకరు అడిగారని ఊరట చెందుతారు. కుంగుబాటుకు చికిత్స మొదలైన తొలి వారాల్లో నిరాశ తగ్గకముందే ఒంట్లో ఓపిక తిరిగి రావచ్చు. అందుకే, నిన్నటిదాకా మంచం దిగనివారు ఒక్కసారిగా ప్రశాంతంగా మారి తమ వస్తువులు పంచిపెడుతుంటే కోలుకుంటున్నారని సంతోషించి ఊరుకోకండి, ఆ రోజే దగ్గర కూర్చుని మాట్లాడండి. ఎవరికీ చెప్పనని మాత్రం మాటివ్వవద్దు. చికిత్స చేస్తున్నవారికి చెప్పవలసి వస్తుందని ముందే, మెత్తగా, స్పష్టంగా చెప్పండి.

విద్యార్థులు కాబట్టి మందు ఆపాలా, మార్చాలా అన్నది మీరు తేల్చే విషయం కాదు. అనుమానం వచ్చిన వెంటనే ఇన్‌చార్జ్ సిస్టరుకు చెప్పడం మాత్రం మీ పనే. చెప్పేటప్పుడు వైటల్స్ (టెంపరేచర్, పల్స్ వంటి కొలతలు), మార్పు మొదలైన సమయం, రోగి అన్న మాటలు యథాతథంగా రాసుకున్న కాగితం చేతిలో ఉంచుకోండి. మీ మాటను పట్టించుకోలేదనిపిస్తే మళ్లీ పరిశీలించి, మళ్లీ చెప్పండి.