సోడియం తగ్గితే మెదడులోకి నీరెందుకు చేరుతుంది?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. బీపీకి క్లోర్‌థాలిడోన్ వాడతారు. ఎండలని రోజుకు ఐదు లీటర్ల నీళ్లు తాగుతూ, ఉప్పు దాదాపు మానేశారు. మొన్న మాట తడబడి, మమ్మల్నే గుర్తుపట్టలేదు. సోడియం 116 ఉందని, మెదడు వాచిందని ఐసీయూలో పెట్టారు. తాగిన నీళ్లు మెదడులోకి ఎలా వెళ్లాయి? సోడియం ఒకేసారి ఎక్కించెయ్యొచ్చు కదా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఓ పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

జవాబు: మెల్లగా ఎక్కించడమే మీ నాన్నగారికి మంచిదమ్మా, తొందరపెట్టకండి.

రక్తంలో సోడియం 135 నుంచి 145 దాకా ఉండాలి. ఆ రకం బీపీ మాత్ర సోడియాన్ని మూత్రంలో పంపేస్తుంది, పైగా ఎక్కువైన నీటిని వదిలించుకునే సత్తా కిడ్నీకి తగ్గిస్తుంది. దానికి ఐదు లీటర్ల నీళ్లు తోడయ్యేసరికి రక్తం పలచబడింది. నీరెప్పుడూ లవణాలు ఎక్కువున్న వైపే పోతుంది, అంటే ఇక్కడ మెదడు కణాల్లోకి. మెదడులో రక్తనాళాల చుట్టూ ఆస్ట్రోసైట్లనే కణాలు తమ కొసలను పరిచి ఉంటాయి, ఆ కొసల మీద ఆక్వాపోరిన్-4 అనే ప్రోటీన్ ఒత్తుగా ఉంటుంది. దాని మధ్యలోని సన్నటి దారిలో నీటి అణువులు ఒకదాని వెనక ఒకటి దూరిపోతాయి, సోడియం మాత్రం దూరలేదు. ఈ ప్రోటీన్ లేకుండా పుట్టించిన ఎలుకల ఒంట్లోకి నీరు బాగా ఎక్కించి చూస్తే వాటి మెదడు తక్కువగా వాచిందని 2000లోనే తేలింది. అలాగని ఆ దారి మూసేస్తే మంచిదని కాదు, గడ్డల వల్ల వచ్చే వాపులో నీరు బయటికి పోవడానికీ అదే కావాలి.

పుర్రె సాగదు కాబట్టి కాస్త వాచినా ఒత్తిడి పెరిగి తలనొప్పి, వాంతులు, అయోమయం, ముదిరితే ఫిట్స్ వస్తాయి. రెండు రోజులు గడిచేసరికి మెదడు కణాలు తమలోని పొటాషియం లాంటివి బయటికి పంపి వాపు తగ్గించుకుంటాయి. అప్పుడు సోడియం గబగబా పెంచితే నీరు ఒక్కసారిగా బయటికి లాగేసి కణాలు ముడుచుకుపోతాయి, నరాల పైపొర దెబ్బతిని మాట, మింగడం, కాళ్లూ చేతులూ పడిపోవచ్చు. అందుకే 24 గంటల్లో సోడియం పెరుగుదల ఎనిమిది యూనిట్లు దాటకుండా చూస్తాం. ఫిట్స్ వస్తున్నప్పుడు మాత్రం మొదట కొంచెం వేగంగా ఇస్తాం, అదీ ఐసీయూలోనే.

ఇంటికొచ్చాక పాత మాత్ర మళ్లీ మొదలుపెట్టకండి, బదులుగా ఏది వాడాలో డాక్టరే రాసిస్తారు. నీళ్లు, ఉప్పు ఆయన చెప్పిన కొలత ప్రకారమే ఇవ్వండి, వారంలోపు సోడియం పరీక్ష చేయించండి. మళ్లీ మగతగా ఉన్నా, మాట తేడాగా ఉన్నా తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.