పాసుపుస్తకం పట్టించిన జనరళ్లు

పాఠకుల ప్రశ్నలు – ఓ రిటైర్డ్ బ్యాంకు మేనేజరు జవాబులు

(పోయిన సంచికలో దక్షిణ కొరియా మాజీ అధ్యక్షుడు కిమ్ యంగ్ సామ్ గురించి రెండు ముక్కలు రాస్తే ఉత్తరాలు బాగానే వచ్చాయి. ఈసారి వాటికే జవాబులు.)

ప్రశ్న: సార్, పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో పని చేస్తున్నాను. తన చిన్నప్పుడు వాళ్ల దేశంలో సైన్యం పాలన ఉండేదని మా కొరియన్ సూపర్‌వైజర్ అన్నారు. తుపాకీ పట్టినవాళ్లు అంత తేలిగ్గా కుర్చీ ఎలా వదిలారు?
– ఒక పాఠకుడు, హిందూపురం

జవాబు: తేలిగ్గా ఏం వదల్లేదు నాయనా. 1961 మేలో జనరల్ పార్క్ చుంగ్ హీ అధికారం లాక్కున్నాడు. 1979 అక్టోబరులో తన గూఢచారి సంస్థ అధిపతే అతణ్ణి కాల్చి చంపాడు. అదే డిసెంబరు 12 రాత్రి చున్ డూ హ్వాన్ అనే ఇంకో జనరల్ సైన్యాన్ని గుప్పిట్లో పెట్టుకున్నాడు. మరుసటి మే నెలలో గ్వాంగ్జు నగరంలో జనం తిరగబడితే సైన్యం కాల్పులు జరిపింది. 1987 జూన్‌లో విద్యార్థులతో పాటు ఆఫీసు ఉద్యోగులు కూడా సియోల్ రోడ్ల మీదికి వచ్చాకే అధ్యక్షుణ్ణి నేరుగా ఎన్నుకునే హక్కు తిరిగి వచ్చింది. తీరా ఎన్నికలొస్తే ప్రతిపక్షంలోని ఇద్దరు కిమ్‌లూ (కిమ్ యంగ్ సామ్, కిమ్ డే జంగ్) ఎవరికి వారే నిలబడ్డారు. ఓట్లు చీలి, చున్ నేస్తం రో టే వూ 36 శాతంతోనే గట్టెక్కాడు. అతనూ మాజీ జనరలే.

1993 ఫిబ్రవరి 25న కిమ్ యంగ్ సామ్ ప్రమాణం చేసేదాకా, ముప్పై ఏళ్ల పైచిలుకు, సైన్యం నుంచి వచ్చినవాళ్లదే పెత్తనం. ఆయన ముందు చేయి పెట్టింది 'హానాహ్వే' మీద. చున్, రోలు మిలిటరీ అకాడమీ 11వ బ్యాచ్ మిత్రులతో కలిసి సైన్యంలో నడిపిన రహస్య ముఠా అది. మంచి పోస్టింగులన్నీ ఆ ముఠాకే. కిమ్ కుర్చీ ఎక్కి రెండు వారాలు కాకుండానే, మార్చి 8న, సైన్యాధిపతినీ సైనిక గూఢచారి విభాగం అధిపతినీ ఒకేరోజు ఇంటికి పంపేశారు. ఏప్రిల్ మొదట్లో రాజధాని రక్షణ దళం, ప్రత్యేక దళాల కమాండర్ల వంతు వచ్చింది. ఆ వరస చూడండి. సియోల్‌లో కుట్ర చేయాలంటే అవసరమయ్యే కుర్చీలన్నీ అవే. వాళ్లు తేరుకుని ఒకరికొకరు ఫోన్లు చేసుకునే లోపే కొత్తవాళ్లు ఛార్జ్ తీసుకున్నారు. ఒక్క తూటా పేలలేదు, అంతా ఆర్డరు కాగితాల మీదే నడిచింది.

జనానికి కనపడే పనులూ చేశారు. అధ్యక్ష భవనం ముందు రోడ్డు తెరిచారు. పార్క్ హత్య జరిగిన రహస్య విందు గృహాలను పడగొట్టించి అక్కడ తోట వేయించారు. భవనానికి వచ్చిన అతిథులకు మధ్యాహ్నం కల్‌గుక్సు పెట్టించేవారు. అంటే కత్తితో తరిగిన గోధుమ నూడుల్స్ పులుసు, అక్కడ మామూలు జనం తిండి. ఈ నూడుల్స్ సంగతి పత్రికలవాళ్లకు బాగా నచ్చింది. నాకైతే మార్చి 8 ఆర్డర్లే ముఖ్యం.

ప్రశ్న: ఆయన ఒక్క రాత్రిలో బినామీ ఖాతాలు బంద్ చేశారని రాశారు. మన నోట్ల రద్దు లాంటిదేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: టీవీలో రాత్రికి రాత్రి ప్రకటించడం వరకే పోలికమ్మా. అక్కడ ఏ నోటూ రద్దు కాలేదు, మారుపేరుతో డబ్బు దాచుకోవడం రద్దయింది.

నేను బ్రాంచిలో చేరిన రోజుల్లో మన దగ్గర ఆధార్ లేదు, పాన్ అడిగేవాళ్లూ తక్కువే. పాత ఖాతాదారు ఒకరు పరిచయకర్తగా సంతకం పెడితే ఖాతా తెరిచేవాళ్లం. సంతకం పెట్టినాయనా పెట్టించుకున్నాయనా కౌంటరు దగ్గరే మొదటిసారి నమస్కారం పెట్టుకోవడం ఎన్నోసార్లు చూశాను. కొరియాలో ఆ మొహమాటం కూడా లేదు. ఇష్టమొచ్చిన పేరు రాసి డబ్బు వేసుకోవచ్చు. దీన్ని ఆపాలని 1982లోనే చట్టం చేశారు కానీ, అమలును వాయిదా వేస్తూ వచ్చారు. ఎవరి డబ్బు బయటపడుతుందోనని పెద్దల భయం.

కిమ్ పార్లమెంటుకు ముందు చెప్పలేదు. 1993 ఆగస్టు 12 సాయంత్రం బ్యాంకులు మూసేశాక, రాజ్యాంగంలోని అత్యవసర అధికారంతో ఆర్డరు తెచ్చారు. ఇకపై గుర్తింపు చూపించకుండా లావాదేవీ కుదరదు, మారుపేరు ఖాతాలను రెండు నెలల్లో అసలు పేరుకు మార్చుకోవాలి. మర్నాడు షేర్లు పడ్డాయి, బజారులో టెన్షన్ సరేసరి. అయినా ఆర్డరు నిలిచింది.

దానికో కన్నం మిగిలింది. ఊహల్లోంచి పుట్టిన పేరు చెల్లదు కానీ, బతికున్న మనిషి పేరు అరువు తెచ్చుకుంటే కనిపెట్టడం కష్టం. ఆ అరువు పేర్లను నేరుగా నిషేధించింది 2014లోనే. కానీ 1995లో జరిగిన సంగతి వినండి. 1996 నుంచి పెద్ద మొత్తాల వడ్డీని మిగతా ఆదాయంతో కలిపి పన్ను వేస్తామని ప్రభుత్వం చెప్పింది. ఒక వ్యాపారి పేరు మీద ఎవరిదో డబ్బు బోలెడు ఉంది. ఆ పన్ను తన మెడకు చుట్టుకుంటుందని ఆయన హడలిపోయాడు. సంగతి ప్రతిపక్ష ఎంపీ పార్క్ కే డాంగ్ దాకా వెళ్లింది. అక్టోబరులో ఆ ఎంపీ బ్యాంకు కాగితం పట్టుకుని పార్లమెంటులో నిలబడ్డారు. డబ్బు మాజీ అధ్యక్షుడు రో టే వూది! వారం తిరిగేసరికి రో టీవీలో కన్నీళ్లు పెట్టుకుని, 500 బిలియన్ వోన్లు, అంటే 50 వేల కోట్ల వోన్లు పోగేశానని ఒప్పుకున్నాడు. నవంబరులో అతను, డిసెంబరులో చున్ జైలుకెళ్లారు. అంతకు కొన్ని నెలల ముందే అక్కడి ప్రాసిక్యూటర్లు, గెలిచిన కుట్రను శిక్షించలేమని చేతులెత్తేశారు. గ్వాంగ్జు తల్లులు ఏళ్లపాటు ఏడ్చినా కదలని ఫైలు, ఒక వడ్డీ పన్ను భయంతో కదిలింది. బ్యాంకు మనిషిగా ఇది నాకు గర్వమో సిగ్గో చెప్పలేను.

ప్రశ్న: మీరు ఆకాశానికి ఎత్తేస్తున్నారు కానీ, ఆయన ఆ జనరళ్ల పార్టీ టికెట్ మీదే గెలిచారు కదా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నిజమే. 1990లో తన పార్టీని రో పార్టీలో కలిపేశారు. పులిని పట్టాలంటే పులి గుహలోకి వెళ్లాలన్నది ఆయన సమాధానం. 1979లో నియంత పార్క్ పార్లమెంటు నుంచి గెంటేసిన మనిషి, 1983లో గృహనిర్బంధంలో 23 రోజులు నిరాహార దీక్ష చేసిన మనిషి కాబట్టి కొందరు నమ్మారు, చాలామంది తిట్టారు. రో తన జ్ఞాపకాల్లో, 1992 ఎన్నికల ఖర్చుకు కిమ్‌కు 300 బిలియన్ వోన్లు ఇచ్చానని రాసుకున్నాడు. మీ అనుమానం ఉత్తిది కాదు.

చివరి ఏడాది మరీ ఘోరం. 1997లో లంచం కేసులో సొంత కొడుకే అరెస్టయ్యాడు. హాన్‌బో స్టీల్ కూలింది, కియా దివాలా తీసింది. (మరుసటి ఏడాది దాన్ని హ్యుందాయ్ కొన్నది.) నవంబరులో దేశం డాలర్లు లేక అప్పు కోసం ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) గుమ్మం ఎక్కింది. ఉద్యోగాలు పోయినవాళ్ల ముందు హానాహ్వే కథ చెప్పి చూడండి, ఏమంటారో!

ప్రశ్న: జనరళ్లకు ఉరి పడిందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: 1996 ఆగస్టులో చున్‌కు మరణశిక్ష వేశారు, అప్పీలులో యావజ్జీవమైంది. రోకు 17 ఏళ్లు. 1997 డిసెంబరులో ఇద్దరికీ క్షమాభిక్ష దొరికింది. అప్పుడే అధ్యక్షుడిగా ఎన్నికైన కిమ్ డే జంగ్ కూడా సరేనన్నారు. చున్ కాలంలో ఉరిశిక్ష పడ్డ మనిషి ఆయన!

జరిమానా మాత్రం మాఫీ కాలేదు. చున్ 220.5 బిలియన్ వోన్లు కట్టాలి. 2003లో కోర్టు ఆస్తులు చెప్పమంటే, బ్యాంకులో సుమారు 2 లక్షల 90 వేల వోన్లే ఉన్నాయన్నాడు. అప్పటి మన లెక్కలో పది పన్నెండు వేల రూపాయలు. 2021 నవంబరులో చనిపోయేనాటికి ఇంకా బోలెడు బాకీ ఉంది. రో తరఫువాళ్లు తమ బాకీ 2013లోనే పూర్తిగా కట్టేశారు.