అటెండెంటుకి 27 వేలా, భార్య ఉద్యోగమా?

ప్రశ్న: మాది విశాఖపట్నంలోని గాజువాక. నాకు 41 ఏళ్లు, ఆటోనగర్‌లో ఉద్యోగం. చేతికి 58,000 వస్తుంది, అందులో ఇంటి లోను ఈఎంఐ 19,500 పోతుంది. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచర్, జీతం 24,000. నాన్నకి 74 ఏళ్లు. పక్షవాతం వచ్చి 14 రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఇంటికి తెచ్చి తొమ్మిది రోజులైంది. కుడి చెయ్యి, కాలు సరిగా కదలడం లేదు. మాట తడబడుతోంది గానీ అన్నీ అర్థమవుతున్నాయి. బిల్లు 2,86,000 మా ఆఫీసు గ్రూప్ పాలసీలోనే సరిపోయింది (అమ్మానాన్నలకి 4 లక్షల కవర్). అసలు ఖర్చు ఇప్పుడు మొదలైంది. 24 గంటల అటెండెంటుకి నెలకి 27,000 (పగలు మాత్రమే అయితే 16,000), ఫిజియోథెరపిస్టుకి విజిట్‌కి 500, మందులు 5,500, డైపర్లు వగైరా 3,000, ఆసుపత్రి మంచం అద్దె 3,000. నాన్న పేరున సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో 15 లక్షలు (2023లో వేశాం), బ్యాంకులో 6 లక్షల ఎఫ్‌డీ, ఈపీఎస్ పెన్షన్ 2,900 ఉన్నాయి. నా భార్య ఉద్యోగం మానేస్తే అటెండెంటు ఖర్చు మిగులుతుంది కదా అనుకుంటున్నాం. లేదా 5 లక్షల పర్సనల్ లోను తీసుకోమంటారా? స్కీము డబ్బు తీసేయమంటారా?

జవాబు: మూడూ వద్దు. ఎందుకో చెప్తాను. ముందు మీ ఉత్తరంలో నాకు కనబడని మాట ఒకటి అడగాలి. ఉద్యోగం మానే సంగతి మీ శ్రీమతిని అడిగారా? "అనుకుంటున్నాం" అని రాశారు. ఆ "మనం"లో ఆవిడ ఉన్నారో లేదో నాకు తెలియలేదు.

సరే, లెక్కకి వద్దాం. 27,000 ఖర్చు ఆగుతుంది, 24,000 జీతం పోతుంది, నెలకి 3,000 మిగులుతుంది. మీ లెక్క ఇదే కదా? ఈ లెక్క మొదటి నెలకే నిజం. రెండో నెల నుంచి పగటి మనిషి చాలనుకుంటే ఆ ఖర్చు 16,000. అది ఆదా చేయడానికి 24,000 జీతం వదులుకున్నట్టు. నాలుగో నెలకి పొద్దున రెండు గంటలు వచ్చి స్నానం చేయించి వెళ్లే మనిషి సరిపోతే, ఆరు వేల పనికి 24 వేలు పోగొట్టుకున్నట్టు. ఏడాదికి 2,88,000. మళ్లీ చేరదామంటే విద్యాసంవత్సరం మధ్యలో ఏ స్కూలూ పిలవదు, పిలిచినా పాత జీతం ఇవ్వదు. ఇక డబ్బులోకి రాని సంగతి: ఒక పక్క పడిపోయిన మనిషిని మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చడం నేర్చుకుని చేయాల్సిన పని. తెలియకుండా చేస్తే పది రోజుల్లో రెండో పేషెంటు నడుంనొప్పితో తయారవుతారు.

మీరు చేసిన అసలు పొరపాటు వేరే ఉంది. ఫిజియో నెలకి 26 విజిట్ల లెక్కన మొత్తం 51,500 అని కూడుకుని, అది ఎప్పటికీ అలాగే ఉంటుందని భయపడిపోయారు. ఆసుపత్రి బిల్లు ఒక్కసారి కట్టేది. ఇంటి దగ్గర సేవ ఖర్చు నెలనెలా రూపం మార్చుకునేది. అందుకే దాన్ని మూడేసి నెలల ముక్కలుగా చూడాలి.

మొదటి నెల 51,500 అవనివ్వండి, దాన్ని తగ్గించొద్దు. రెండు, మూడు నెలల్లో పగటి అటెండెంటు చాలు. మీరిద్దరూ బయటికి వెళ్తారు, ఇంట్లో మీ అమ్మగారు ఒక్కరే ఉంటారు కాబట్టి మనిషి కావాల్సింది పగలే. రాత్రి వంతు మీది. ఫిజియో మాత్రం ఈ మూడు నెలలూ నెలకి 26 విజిట్లు తగ్గకూడదు. పక్షవాతంలో కోలుకోవడం ఎక్కువగా జరిగేది ఈ తొలి నెలల్లోనే. చాలామంది తిరగేసి చేస్తారు. అటెండెంటుని ఉంచుకుని, "రోజూ ఎందుకులే" అని ఫిజియోని తగ్గిస్తారు. ఆ లెక్కన ఈ రెండు నెలలకి నెలకి 40,500 అవుతుంది. నాలుగో నెల నుంచి పొద్దుటి మనిషికి 6,000, ఫిజియో రోజు విడిచి రోజు 6,500, మందులు 5,500, మిగతావి 1,500. మంచం వెనక్కి ఇచ్చేస్తారు కాబట్టి మొత్తం 19,500. ఆటో ఎక్కగలిగితే దగ్గర్లోని క్లినిక్‌కే తీసుకెళ్లండి, విజిట్ ఖర్చు ఇంకా తగ్గుతుంది. కేజీహెచ్‌లో (పెద్ద ప్రభుత్వాసుపత్రి) ఫిజియోథెరపీ విభాగం ఉంది గానీ, గాజువాక నుంచి రోజూ అంటే ఆటోకే అంతా అయిపోతుంది.

ఆరు నెలలకి మొత్తం 1,91,000. మీరు భయపడినది 3,09,000.

ఈ 1,91,000 ఎవరి డబ్బు? ముందు నాన్నగారిదే. ఇది చెప్తే చాలామంది కొడుకులు నొచ్చుకుంటారు. "నాన్న డబ్బు ముట్టుకోవడమేంటి" అంటారు. ఆయన ముసలితనానికని దాచుకున్నారు, ఆ రోజు ఇదే. స్కీములో 15 లక్షల మీద 8.2 శాతం వడ్డీ, మూడు నెలలకోసారి 30,750 పడుతుంది. నెలకి 10,250 అనుకోండి. పెన్షన్ 2,900తో కలిపి 13,150, ఆరు నెలలకి 78,900. ఇంటి ఖర్చు మీ జీతాల మీద నడుస్తోంది కాబట్టి ఇదంతా ఆయన వైద్యానికే వాడొచ్చు. ఇంకా కావాల్సింది 1,12,100.

దానికి ఎఫ్‌డీ ఉంది. రద్దు చేయకండి, దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోండి. డిపాజిట్ మొత్తంలో దాదాపు 90 శాతం దాకా బ్యాంకులు ఇస్తాయి, ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి రెండు శాతం ఎక్కువ తీసుకుంటాయి. వాడిన సొమ్ముకే, వాడినన్ని రోజులకే వడ్డీ. ఇప్పుడు పర్సనల్ లోనుతో పోల్చండి. 5 లక్షలు 14 శాతానికి మూడేళ్లకి తీసుకుంటే నెలకి సుమారు 17,100 ఈఎంఐ, మొత్తం మీద వడ్డీయే లక్షా 15 వేలు. మీ జీతంలో ఈఎంఐలే 36,600 అవుతాయి. స్కీము డబ్బు తీస్తే రెండేళ్లు దాటింది కాబట్టి ఒక శాతం, అంటే 15,000 కోత. దాంతోపాటు నెలనెలా వచ్చే ఆ 10,250 కూడా ఆగిపోతుంది. దాని మీద లోను ఇవ్వరు. దాని జోలికి వెళ్లకండి.

ఒకవేళ కోలుకోవడం అనుకున్నట్టు సాగకపోతే? ఆరు నెలల తర్వాత కూడా ఎఫ్‌డీలో నాలుగు లక్షలకి పైనే మిగిలి ఉంటుంది. అప్పుడు మళ్లీ కూర్చుని లెక్క వేద్దాం.

పాలసీ సంగతి. గ్రూప్ పాలసీల్లో సాధారణంగా డిశ్చార్జి తర్వాత 60 రోజుల వరకు అదే జబ్బుకి అయిన మందులు, పరీక్షలు, డాక్టరు రాసిచ్చిన ఫిజియోథెరపీ ఇస్తారు. మీ కవర్‌లో ఇంకా 1,14,000 ఉంది. రెండు నెలల మందులు, ఫిజియో కలిపితే 37,000 అవుతుంది. వస్తే మంచిదే, పైన నేను లెక్కలో వేయలేదు. అటెండెంటు ఖర్చు మాత్రం ఇవ్వరు. స్నానం చేయించడం, బట్టలు మార్చడం, అటూ ఇటూ తిప్పడం వంటి సేవలు మినహాయింపుల జాబితాలో స్పష్టంగా ఉంటాయి, చేసింది నర్సయినా సరే. ఆ బిల్లులు పెట్టి మీరు ఆరోగ్యం పాడుచేసుకోకండి. డిశ్చార్జి సమ్మరీలో "ఫిజియోథెరపీ అవసరం" అన్న మాట ఉందో లేదో చూడండి. లేకపోతే రివ్యూకి వెళ్లినప్పుడు డాక్టరు చేత రాయించుకోండి. ఫిజియో ఆయన దగ్గర తేదీలతో రసీదు అడగండి, ఫోన్‌పే స్క్రీన్‌షాట్ చాలదు.

ఎవరైనా ఆయుష్మాన్ వయ వందన కార్డు గురించి చెప్పి ఉంటారు. 70 నిండినవారికి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల కవర్. అది ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది, ఇంటి సేవకి కాదు. అయినా ఆధార్‌తో తీసిపెట్టండి. పన్ను గురించి: కొత్త విధానంలో ఉంటే ఈ ఖర్చులకి మినహాయింపులేమీ రావు.

ఇప్పుడు బ్యాంకు. నాన్నగారు కుడి చేత్తో సంతకం చేయలేరు. "నామినీ అమ్మే కదా" అని ఊరుకోకండి. నామినీకి హక్కు వచ్చేది మనిషి పోయాకే. మనిషికి తెలివి ఉండి సంతకం రానప్పుడు వేలిముద్ర చెల్లుతుంది. ఇద్దరు సాక్షులు గుర్తించాలి, అందులో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలి. ఇది రిజర్వ్ బ్యాంకు పెట్టిన పద్ధతే. 70 దాటినవారికి, కదలలేనివారికి ఇంటికొచ్చే సేవ కూడా ఉంది, మేనేజర్‌ని అడగండి. ఆ ఒక్క రాకలోనే ఓవర్‌డ్రాఫ్ట్ కాగితాలు, పొదుపు ఖాతాలో అమ్మగారి పేరు చేర్చడం రెండూ పూర్తి చేసుకోండి. పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్‌కి ఆయన్ని ఎక్కడికీ మోసుకెళ్లక్కర్లేదు, ఫోన్లో ముఖం చూపిస్తే అయిపోతుంది.

అటెండెంటు విషయంలో నా అనుభవం ఒకటి. మా అత్తగారికి తుంటి ఆపరేషన్ అయినప్పుడు ఒక ఏజెన్సీకి నెల జీతం ముందే కట్టాను. వచ్చిన అమ్మాయి మూడో రోజు ఊరెళ్తానని వెళ్లింది, మళ్లీ రాలేదు. ఏజెన్సీ ఫోను మోగుతూనే ఉంది. లెక్కలు చెప్పే వృత్తిలో ఉండి నేను చేసిన పని ఇది! అప్పటి నుంచి ఎవరికైనా ఒకటే చెప్తాను. వారానికి వారం కట్టండి. మనిషి మానేస్తే ఎన్ని రోజుల్లో ఇంకొకరిని పంపుతారో కాగితం మీద రాయించండి. ఆధార్ కాపీ తీసుకోండి. ఇంకోటి, మంచం దింపే ముందు తలుపు కొలవండి. మాది సీతమ్మధారలో రెండో అంతస్తు, లిఫ్టు లేదు. మంచం మెట్లెక్కింది గానీ గది తలుపులోకి రాలేదు. వరండాలో నట్లు విప్పి, పేషెంటు కుర్చీలో కూర్చుని చూస్తుండగా లోపల మళ్లీ బిగించారు. దాని హ్యాండిల్ మన ఉప్పుగాలికి తుప్పు పట్టి సగం తిరిగి ఆగిపోయింది. అద్దెకి తీసుకునేటప్పుడు షాపులోనే తిప్పి చూడండి. ఎయిర్ బెడ్ వాడితే దాని మోటారుకి ఇన్వర్టర్ ఉండాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఎన్ని రోజులు కరెంటు లేదో మీకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు ఏటీఎంలు కూడా పనిచేయలేదు, ఇంట్లో పది వేలు నగదు ఉంచండి.

డిశ్చార్జి అయి తొమ్మిది రోజులన్నారు. మీ పాలసీలో గడువు 60 రోజులే అయితే ఇంకా 51 ఉన్నాయి. హెచ్‌ఆర్‌కి రేపే మెయిల్ పెట్టండి. ఇప్పటిదాకా కొన్న మందుల బిల్లులు ఏ కవర్లో ఉన్నాయో ఈ రాత్రే చూసుకోండి.