పాఠకుల ప్రశ్నలు: ఏడు రోజుల రాజు, ఇరవై ఏడేళ్ళ ఖాళీ

ప్రశ్న: రాజరాజ నరేంద్రుడి పట్టాభిషేకం 1022 ఆగస్టు 16, గురువారం అని చదివాను. వెయ్యేళ్ళ కిందటి సంగతిని వారంతో సహా ఎలా చెబుతున్నారు? అంచనానా, లెక్కా?
– రాజమహేంద్రవరం పాఠకుడు

జవాబు: లెక్కే. కాగితం, కలం ఉంటే మీరూ వేసుకోవచ్చు. కోరుమిల్లి తామ్రశాసనంలో ఆ పట్టాభిషేక శ్లోకం ఉంది. అందులో శక సంవత్సరాన్ని అంకెల్లో రాయలేదు, ‘వేద, అంబురాశి, నిధి’ అని మాటల్లో పొదిగారు. వేదాలు నాలుగు. అంబురాశి అంటే సముద్రం, అదీ నాలుగే. నిధులు తొమ్మిది. వరసగా 4, 4, 9 వచ్చాయి కదా అని 449 అనుకుంటే మునిగిపోతాం. ‘అంకానాం వామతో గతిః’ అన్నారు, అంటే అంకెలు ఎడమవైపుకు నడుస్తాయని. మొదటి మాట ఒకట్ల స్థానం, రెండోది పదులు, మూడోది వందలు. అంటే శక 944. దానికి 78 కలిపితే 1022.

ఆ తర్వాత సరిచూసుకోవడం. సూర్యుడు సింహరాశిలో ఉన్నాడని, బహుళ విదియ అని, గురువారమని శ్లోకమే చెబుతోంది. ఈ మూడూ ఒకచోట కలిసే రోజు ఆ ఏడాది ఆగస్టు 16. సంవత్సరం ఒక్కటే ఉండి తిథి, వారం లేకపోతే ఇంత గట్టిగా చెప్పలేం.

ఇంకొకటి మీరే చేసి చూడండి. రాజరాజ నరేంద్రుడి వేంగి చాళుక్య వంశంలోనే రెండో అమ్మరాజు పన్నెండేళ్ళ వయసులో గద్దెనెక్కిన సంవత్సరం ‘గిరి, రస, వసు’. గిరులు 7, రసాలు 6, వసువులు 8. తిప్పి చదివితే 867, దానికి 78 కలిపితే 945. మార్గశిర బహుళ త్రయోదశి, శుక్రవారం. మన లెక్కలో డిసెంబరు 5.

తప్పులు ఎక్కువగా నాలుగుచోట్ల జరుగుతాయి. రసం అనగానే నవరసాలు గుర్తొచ్చి 9 వేస్తారు. ఇక్కడ లెక్కకొచ్చేవి తీపి, పులుపు లాంటి షడ్రసాలు. సముద్రం మామూలుగా 4, అయితే సప్తసముద్రాల లెక్కన 7గా వాడిన చోట్లూ ఉన్నాయి. అలాంటప్పుడు వారమే తీర్పరి. రెండోది, శక సంవత్సరం చైత్రంలో మొదలవుతుంది కాబట్టి జనవరి 1 దాటాక వచ్చే మాఘ, ఫాల్గుణాలకు 78 కాదు, 79 కలపాలి. మూడోది, శాసనాలు ఎక్కువగా అప్పటికి పూర్తయిన సంవత్సరాల లెక్కనే చెబుతాయి. కొన్ని మాత్రం నడుస్తున్న సంవత్సరం చెబుతాయి. 78తో వారం కుదరకపోతే 77తో ఒకసారి ప్రయత్నించండి. నాలుగోది ఫోను పెట్టే తంటా. చరిత్ర పుస్తకాల్లో ఆ కాలపు తేదీలన్నీ పాత జూలియన్ క్యాలెండర్ ప్రకారం ఇస్తారు. కొన్ని ఫోన్ క్యాలెండర్లు ఇప్పటి గ్రెగోరియన్ పద్ధతినే వెనక్కి లాగుతాయి. రెంటికీ 1022 నాటికి ఆరు రోజుల తేడా. అందుకే మీ ఫోను ఆ ఆగస్టు 16ని శుక్రవారం అని చూపించవచ్చు. శాసనం తప్పు కాదు.

ప్రశ్న: మొదటి చాళుక్య భీముడు రాజైన సంవత్సరం ఒక పుస్తకంలో 888, ఇంకో పుస్తకంలో 892. ఎవరు పొరబడ్డారు?
– భీమవరం పాఠకురాలు

జవాబు: పొరబాటు అనడం కన్నా, మొదటి పుస్తకం పాత లెక్కను అలాగే పట్టుకొచ్చిందనడం న్యాయం. వేంగి చాళుక్యుల దానశాసనాల్లో ఒక మంచి అలవాటుంది. మూలపురుషుడు కుబ్జ విష్ణువర్ధనుడు మొదలు ఎవరెన్నేళ్ళు ఏలారో వరసగా చెప్పి, ఆ తర్వాత దానం సంగతికి వస్తారు. రెండో అమ్మరాజు తేదీ గట్టిగా తెలుసు. అక్కణ్ణుంచి ఒక్కొక్కరి ఏళ్ళు తీసేస్తూ వెనక్కి నడిచి, ఫ్లీట్ అనే శాసన పండితుడు 888 దగ్గర తేలాడు.

ఆ కూడిక మనమూ వేద్దాం. చాళుక్య భీముడు 30 ఏళ్ళు, కొల్లభిగండ విజయాదిత్యుడు 6 నెలలు, మొదటి అమ్మరాజు 7 ఏళ్ళు, బేత విజయాదిత్యుడు 15 రోజులు, తాళరాజు ఒక నెల, విక్రమాదిత్యుడు 11 నెలలు, ఇంకో భీముడు 8 నెలలు, యుద్ధమల్లుడు 7 ఏళ్ళు, రెండో చాళుక్య భీముడు 12 ఏళ్ళు. మొత్తం 58 ఏళ్ళ రెండున్నర నెలలు.

తర్వాత అత్తిలి శాసనం బయటపడింది. చాళుక్య భీముడి పట్టాభిషేకం శక 814 చైత్ర బహుళ విదియ, సోమవారం అని అందులో ఉంది. అంటే 892 ఏప్రిల్ 17. అక్కణ్ణుంచి 945 డిసెంబరు 5కి దూరం 53 ఏళ్ళ ఏడున్నర నెలలే. నాలుగున్నరేళ్ళకు పైగా ఎక్కువొచ్చింది!

ఎక్కడ పెరిగింది? రాజు పోయిన ఏడాది పూర్తికాకపోయినా దాన్ని నిండు సంవత్సరంగా లెక్కగట్టేవారు. 30, 7, 7, 12 అని ఏళ్ళలో చెప్పిన పాలనలు నాలుగు. ఒక్కోదాంట్లో ఏడాదికి కాస్త తక్కువగా పెరిగిందనుకున్నా నాలుగేళ్ళ లోపే సరిపోతుంది. మిగిలింది ఒకరి కాలం మీద ఒకరి కాలం పడ్డం వల్లే రావాలి. ఆ రోజుల్లో వేంగి గద్దె కోసం దాయాదులు కొట్టుకున్నారు, రాష్ట్రకూటులు అందులో చెయ్యిపెట్టారు. ఇద్దరు ఏకకాలంలో ‘నేనే రాజు’ అంటే పట్టిక ఇద్దరికీ విడివిడిగా ఏళ్ళు వేసేసింది.

అన్ని పట్టికలూ ఒక్క మాట మీదా ఉండవు. మొదటి జయసింహుడికి 30 అని కొన్ని, 33 అని కొన్ని. నూట ఎనిమిది యుద్ధాలు చేసి నూట ఎనిమిది శివాలయాలు కట్టించాడని పేరున్న రెండో విజయాదిత్యుడికి 44, 48 అని రెండు మాటలు. అందువల్ల తేదీ ఉన్న శాసనాన్ని మేకులా దిగ్గొట్టి, కూడికను ఆ మేకుల మధ్యే సర్దాలి. కూడికను పట్టుకుని మేకు పీకకూడదు.

ప్రశ్న: వేంగి రాజులంతా విష్ణువర్ధనులూ విజయాదిత్యులే. వాళ్ళకు ఈ ఒకటో, రెండో, మూడో అనే అంకెలు ఎవరిచ్చారు?
– ఖమ్మం పాఠకుడు

జవాబు: ఈ కాలపు చరిత్రకారులు. శాసనంలో ‘మూడో విజయాదిత్యుడు’ అని ఎక్కడా వెతక్కండి, దొరకదు. ఆనాటివాళ్ళు బిరుదులతో గుర్తుపట్టేవారు. గుణగ విజయాదిత్యుడు, కలి విష్ణువర్ధనుడు, నరేంద్రమృగరాజు. విష్ణువర్ధన, విజయాదిత్య అనేవి చాలామందికి గద్దెనెక్కినప్పుడు పెట్టుకున్న పేర్లు. రాజరాజ నరేంద్రుడు కూడా విష్ణువర్ధనుడే.

ఈజిప్టును క్రీ.పూ. 305 నుంచి 30 దాకా ఏలిన గ్రీకు వంశంలోనూ ఇదే గోల. రాజులందరూ టాలమీలే. జనం మాత్రం ఎనిమిదో టాలమీని బొజ్జవాడన్న అర్థం వచ్చే మాటతో, పన్నెండో టాలమీని వేణువు వాయించేవాడన్న మాటతో పిలిచారు. బిరుదులు ఇచ్చుకోవడంలో మనవాళ్ళు కాస్త మర్యాదస్తులు.

ఏదైనా వ్యాసంలో అంకె చూస్తే పక్కన బిరుదు ఉందో లేదో చూడండి. కొత్త శాసనం దొరికి మధ్యలో ఇంకో రాజు చేరితే అంకె మారుతుంది, బిరుదు మారదు.

ప్రశ్న: ఏడు రోజులు ఏలిన ఇంద్ర భట్టారకుణ్ణి కూడా పట్టికలో చేర్చారు. మరి ఇరవై ఏడేళ్ళు ఏలిన జటాచోడ భీముడు ఎందుకు లేడు?
– కర్నూలు పాఠకుడు

జవాబు: ఆ పట్టిక చరిత్ర కోసం రాసింది కాదు గనుక. భూదాన పత్రానికి అది ముందుమాట. దానం ఇస్తున్న రాజుకు ఆ హక్కు ఎవరి నుంచి సంక్రమించిందో చూపడమే దాని పని. ఇంద్ర భట్టారకుడి కొడుకు రెండో విష్ణువర్ధనుడు తొమ్మిదేళ్ళు ఏలాడు. తండ్రి రాజే అనిపించుకుంటే కొడుకు హక్కుకు బలం. ఏడు రోజులైనా సరే, వదులుకోరు.

జటాచోడ భీముడు మీ కర్నూలు వైపు పెదకల్లు చోడ వంశంవాడు. 973లో దానార్ణవుణ్ణి చంపి వేంగి తీసుకున్నాడు. దానార్ణవుడి కొడుకు శక్తివర్మ రాజరాజ చోళుడి అండతో 1000 ప్రాంతంలో తిరిగి గద్దెనెక్కాడు. ఆ తర్వాతి శాసనాలు ఈ మధ్య కాలాన్ని ‘ఇరవై ఏడేళ్ళు దేశం నాయకుడు లేకుండా ఉంది’ అని ఒక్క వాక్యంలో తేల్చేశాయి. శత్రువు పేరు మింగేశారు గానీ ఏళ్ళు మాత్రం దాచలేదు. ఆ ఒక్క నిజాయితీ వల్లే మన లెక్క కుదురుతోంది.

ప్రశ్న: ఈజిప్టులో ముప్ఫై రాజవంశాలంటారు. అన్నీ ఒకదాని తర్వాత ఒకటా?
– హైదరాబాద్ పాఠకురాలు

జవాబు: కాదు. ఆ ముప్ఫై విభాగాలు మానెతో అనే ఈజిప్టు పూజారి క్రీ.పూ. 3వ శతాబ్దంలో గ్రీకులో రాసిన గ్రంథంలోవి. గ్రంథం పోయింది, ఇతరులు ఎత్తి రాసుకున్న ముక్కలు మిగిలాయి. ఉత్తరాన హిక్సోస్‌లనే పరదేశీయుల పదిహేనో వంశం, దక్షిణాన థీబ్స్‌లో పదిహేడో వంశం ఏకకాలంలో ఏలాయి. వాటిని వరసగా పేర్చి కూడితే దేశం వయసు లేనిపోనిదంతా పెరుగుతుంది. వేంగిలో నాలుగేళ్ళు తప్పినట్టే, అక్కడ శతాబ్దాలు తప్పుతాయి.

వంశం మారితే రక్తం మారిందనీ అనుకోవద్దు. పద్దెనిమిదో వంశానికి మొదటి రాజు అహ్మోస్ పదిహేడో వంశపు రాజు కొడుకే. హిక్సోస్‌లను వెళ్ళగొట్టాడు కాబట్టి అతనితో కొత్త పేజీ తిప్పారు.

ప్రశ్న: కులోత్తుంగుణ్ణి చోళుడనాలా, చాళుక్యుడనాలా?
– చెన్నై పాఠకుడు

జవాబు: తండ్రి రాజరాజ నరేంద్రుడు, కాబట్టి తండ్రి వైపు వేంగి చాళుక్యుడు. తల్లి అమ్మంగదేవి రాజేంద్ర చోళుడి కూతురు. నాయనమ్మ కుందవ్వ రాజరాజ చోళుడి కూతురు. 1070లో చోళ సింహాసనం ఎక్కాడు. ఆ తర్వాత వేంగిని పినతండ్రి విజయాదిత్యుడు, ఆయన తదనంతరం కులోత్తుంగుడి కొడుకులు చూసుకున్నారు. ఆ కొడుకుల్లో వీరచోడుడి చెల్లూరు శాసనం తెరిస్తే, కుబ్జ విష్ణువర్ధనుడి నుంచి అదే పాత పట్టిక, అవే ఏళ్ళు. తమిళ శాసనాల్లో మాత్రం ఆయన చోళుడే. మీరు చదువుతున్న శాసనం ఏ నేలమీద దానం చేస్తోందో చూసుకుంటే ఆయన్ని ఏ పేరుతో పిలవాలో అదే చెబుతుంది.