బంగ్లాదేశ్ సరిహద్దుకు పూర్తిగా కంచె వేస్తే అక్రమ వలసలు ఆగుతాయా?

ఇంత పెద్ద దేశం, ఇన్ని బలగాలు, ఇంత డబ్బు ఉండి బంగ్లాదేశ్ సరిహద్దుకు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కంచె వేయలేకపోవడం ఏమిటి, ప్రభుత్వాలకు చిత్తశుద్ధి లేకనే కదా అని అడిగారు. చిత్తశుద్ధిని కొలిచే టేపు నా దగ్గర లేదు. కంచెను కొలిచే టేపు పట్టుకుని మాత్రం కొన్నేళ్లు తిరిగాను. ఉత్తర బెంగాల్‌లోని కూచ్‌బిహార్ జిల్లాలో సరిహద్దు కంచె, దాని వెంట గస్తీ రోడ్డు పనులు చేసిన ఒక గుత్తేదారు సంస్థలో సైట్ ఇంజనీరుగా పనిచేశాను. అక్కడ చూసినదాన్ని బట్టి చెబుతున్నాను.

ముందు మీ ప్రశ్నలోనే ఒక పొరపాటు ఉంది. కంచె చాలావరకు వేశారు. సరిహద్దు మొత్తం పొడవు 4,096.7 కిలోమీటర్లు. అందులో సగానికి పైగా, అంటే సుమారు 2,217 కిలోమీటర్లు, ఒక్క పశ్చిమ బెంగాల్‌లోనే ఉంది. మిగతాది త్రిపుర, మేఘాలయ, మిజోరం, అస్సాంలది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం 3,232 కిలోమీటర్లకు కంచె పూర్తయింది. మిగిలినది 864 కిలోమీటర్లు. ఆ మిగిలినదానిలో 174 కిలోమీటర్ల మేర నేల స్వభావం వల్ల కంచె సాధ్యమే కాదని అదే సమాధానంలో ఉంది. ప్రతి ఐదు కిలోమీటర్లలో దాదాపు నాలుగింటికి కంచె ఉన్నా మీరు ఈ ప్రశ్న అడగాల్సి వస్తోందంటే, కంచె చేయగలిగిన పని ఎంతో, చేయలేనిది ఏమిటో విడదీసి చూడాలి.

పటంలో గీత మీదే కంచె ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండదు. రెండు దేశాల మధ్య 1975లో కుదిరిన మార్గదర్శకాల ప్రకారం, సరిహద్దు రేఖకు ఇరువైపులా 150 గజాల లోపు రక్షణ కట్టడాలేవీ కట్టకూడదు. కంచె కూడా రక్షణ కట్టడమేనని బంగ్లాదేశ్ వాదన, కాదని మన వాదన. వాదన ఎలా ఉన్నా, చాలాచోట్ల కంచెను మనవైపు 150 గజాలు వెనక్కి జరిపి వేశారు. వంకర తిరిగిన రేఖ వెంట తిన్నని కంచె వేయాల్సి వచ్చిన చోట్ల ఇంకా లోపలికి వచ్చింది. 1947లో దేశ విభజనప్పుడు రాడ్‌క్లిఫ్ అనే బ్రిటిష్ న్యాయవాది గీసిన గీత ఊళ్లను, పొలాలను చూసుకుని గీసింది కాదు. ఫలితంగా మన రైతుల పొలాలు, కొన్నిచోట్ల ఇళ్లు, ఊళ్లకు ఊళ్లే కంచెకు అవతల ఉండిపోయాయి. అవి అచ్చంగా భారత భూభాగమే, అక్కడివాళ్లు ఓట్లు వేసే పౌరులే.

అందుకే కంచెలో గేట్లు. మా సైటు పక్క గేటు దగ్గర పొద్దున్నే రైతులు సైకిళ్ల మీద ఎరువు బస్తాలు, పారలు, అన్నం డబ్బాలు పెట్టుకుని వరుసలో నిలబడేవారు. బీఎస్ఎఫ్ జవాను ఓటరు కార్డు తీసుకుని రిజిస్టరులో పేరు రాసుకుంటాడు. ఎన్ని బస్తాలు తీసుకెళుతున్నారో కూడా రాస్తాడు, ఎందుకంటే ఎరువు అవతలికి అమ్ముడుపోతుందని అనుమానం. సాయంత్రం గేటు మూసే వేళకు తిరిగి వచ్చి కార్డు తీసుకోవాలి. అక్కడ పొగాకు బాగా పండిస్తారు. దానికి నీళ్లు పెట్టడం గేటు వేళలు చూసుకుని జరిగే పని కాదు. జనపనార మనిషి కన్నా ఎత్తు పెరిగి గస్తీకి అడ్డమవుతుందని కంచె దగ్గర వేయవద్దంటారు. రైతుకేమో చేతికి డబ్బు తెచ్చేది అదే. రాత్రి ఎవరికైనా నొప్పులొస్తే ఔట్‌పోస్టు దాకా కబురు వెళ్లి, తాళం చెవి వచ్చి, గేటు తెరవాలి. కంచెకు అవతలి ఇంటికి పిల్లను ఇచ్చేది లేదని ఇవతలి ఊరివాళ్లు మొహం మీదే అనేవారు. కంచె వల్ల ఎవరికి భద్రత అని అడిగితే ఢిల్లీలో ఒక జవాబు, ఆ వరుసలో నిలబడ్డవాళ్ల దగ్గర ఇంకో జవాబు వస్తుంది.

కంచెను మొత్తం వెనక్కి జరపలేక, 150 గజాల లోపలే ఒక వరుస కంచె వేయాల్సిన చోట్లు కూడా ఉన్నాయి. దీనికి అవతలి వారి ఒప్పుకోలు ఉండాలి. మేము గుంతలు తవ్వడం మొదలుపెట్టగానే అవతల నుంచి ఈల వినిపించేది, బంగ్లాదేశ్ సరిహద్దు దళం వాళ్లు వచ్చి నిలబడేవారు. ఇక పని ఆపాల్సిందే. రెండు దళాల అధికారులు కుర్చీలు వేసుకుని ఫ్లాగ్ మీటింగ్ పెట్టుకుంటారు, కాగితాలు పైకి వెళతాయి, ఈలోగా మా కూలీలకు ఊరికే కూలి లెక్క పడుతుంది. ఇది స్థానిక తగాదాగా మొదలై రాయబారుల దాకా పోతుంది. 2025 జనవరిలో మాల్దా వైపు ఇలాంటి కంచె పని మీదే గొడవై, ఢాకాలో మన హైకమిషనర్‌ను, మర్నాడు ఢిల్లీలో వారి డిప్యూటీ హైకమిషనర్‌ను పిలిపించుకుని మాట్లాడారు.

నదుల సంగతి వేరే. ధర్లా, కాల్జానీ, సంకోశ్, ఇంకా కిందికి వస్తే బ్రహ్మపుత్ర. ఇవి ఏటా పాయ మార్చుకుంటాయి. మన గోదావరి లంకల వంటి ఇసుక దిబ్బలు ఒక వరదకు పుట్టి ఇంకో వరదకు పోతాయి. నిరుడు సరిహద్దు స్తంభం ఉన్న చోట ఈ ఏడు పడవ నడుస్తుంది. స్తంభమే నిలవని చోట కంచె పునాది ఎక్కడ వేస్తారు? అందుకే 2019లో అస్సాంలోని ధుబ్రీ దగ్గర 61 కిలోమీటర్ల నదీ సరిహద్దుకు సెన్సర్లు, కెమెరాలతో నిఘా ఏర్పాటు చేశారు. మంచి పనే. అయితే సెన్సరు కబురు చెబుతుంది, పట్టుకోవడానికి పడవ వేసుకుని మనిషే వెళ్లాలి. జనవరి పొగమంచులో మా సైటులో పది అడుగుల అవతల ఉన్న మిక్సరు కనపడేది కాదు.

భూమి దగ్గర కూడా చాలా కిలోమీటర్లు ఆగిపోయాయి. కంచె కేంద్రానిది, భూమి సేకరించి ఇవ్వాల్సింది రాష్ట్రం. ఇద్దరికీ పడని కాలంలో ఫైలు కదలదు. ఎవరిది తప్పు అని పార్టీలు తిట్టుకోవడం టీవీలో చూస్తూనే ఉంటారు కనుక నేను కలపను. ఒక్కటి మాత్రం అక్కడ చూసింది చెబుతాను: తాత పేరున ఉన్న పట్టాలో ఏడుగురు మనవలకు వాటా ఉంటే, పరిహారం ఎవరి ఖాతాలో వేయాలో తేలే దాకా ఆ ముక్కలో స్తంభం పాతలేం. చిత్తశుద్ధి ఎంతున్నా ఈ పంచాయితీ తెగదు.

ఇక అసలు విషయానికి వస్తాను. కంచె పనికిరాదని నేను అనడం లేదు. రెండు వరుసల కంచె, మధ్యలో చుట్టచుట్టిన ముళ్ల తీగ, పైన ఫ్లడ్‌లైట్లు, పక్కనే వాహనం పోయే రోడ్డు ఉన్న చోట పశువుల మందలను అటు తోలడం బాగా తగ్గిందని స్థానికులే చెప్పేవారు. గుంపులుగా దాటడం కష్టమైంది. కాని ఒక్క మనిషి దాటడానికి దలాలు, అంటే దళారి, ఉన్నాడు. తీగ కత్తిరించడానికి కావాల్సింది కొన్ని నిమిషాలు, గస్తీ ఎప్పుడు వస్తుందో తెలిసిన ఒక స్థానికుడు, అంతే. అటువైపు ఒక దలాలు, ఇటువైపు ఒకడు, స్టేషన్ దాకా చేర్చేవాడు ఇంకొకడు. ఊరు చేరాక ఇల్లు అద్దెకిచ్చేవాడు, పనిలో పెట్టుకునేవాడు, కార్డు పుట్టించేవాడు. ఈ గొలుసులో కంచె తగిలేది ఒకే ఒక్క కొక్కెం దగ్గర. వీసా మీద దర్జాగా వచ్చి, గడువు దాటాక ఉండిపోయేవారికి అదీ తగలదు.

ప్రభుత్వ విధానంలో నాకు బలహీనంగా కనిపించేది, కంచె దాటి వచ్చాక జరగాల్సిన పని: ఎవరు పౌరుడు, ఎవరు కాదు అని తేల్చడం. కంచె దగ్గర పనిచేసే ప్రతి కూలీ కాగితాలనూ బీఎస్ఎఫ్ తనిఖీ చేసేది, ఆ జాబితా తయారు చేయడం నా పనే. కనుక ఈ చిక్కు నా చేతుల మీదుగానే పోయింది. ఒకే మనిషి పేరు ఓటరు కార్డులో ఒకలా, రేషన్ కార్డులో ఒకలా, బ్యాంకు పుస్తకంలో ఇంకోలా ఉండేది. వయసు పదేళ్లు అటూఇటూ. వీళ్లంతా మూడు తరాలుగా ఆ మట్టిలో పుట్టినవాళ్లే.

మా దగ్గర తాపీ పనిచేసిన ఒకాయన కథ చెప్పాలి. ఆయనది ఛిట్‌మహల్. అంటే మన భూమి చుట్టూ ఉండగా మధ్యలో బంగ్లాదేశ్‌కు చెందిన చిన్న ముక్క. ఊరి పొలిమేర దాటి మార్కెట్‌కు వచ్చినా చట్టం దృష్టిలో అక్రమ ప్రవేశమే. పిల్లల్ని బడిలో వేయడానికి ఇవతలి ఊరి తెలిసినాయన పేరును తండ్రి పేరుగా రాయించాడు. కార్డు లేదు కనుక కంచె దగ్గర పనికి ఆయన పేరు నేను జాబితాలో రాయలేకపోయేవాణ్ణి. లోపల మా గోడౌన్ గోడలు కట్టేవాడు. 2015 జూలై 31 అర్ధరాత్రి రెండు దేశాలూ ఆ ముక్కలను మార్చుకున్నాయి. మనవి 111 అటు పోయాయి, వారివి 51 ఇటు వచ్చాయి. ఈ 51లో ఉన్న పద్నాలుగు వేల మందికి పైగా మన పౌరులయ్యారు. తాపీమేస్త్రీ మారలేదు, ఇల్లూ మారలేదు. అక్రమం సక్రమమైంది. రాజ్యాంగాన్ని వందోసారి సవరించి మరీ చేసిన ఈ పని, అన్ని పార్టీలూ కలిసి సరిహద్దు సమస్యలో ఒక భాగాన్ని నిజంగా పరిష్కరించిన అరుదైన సందర్భం. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

అదే కాలంలో పక్కనే ధుబ్రీ నుంచి వచ్చిన కూలీలు ఎన్ఆర్‌సీ (జాతీయ పౌర రిజిస్టరు) కాగితాల కోసం పని మానుకుని ఊళ్లకు పరిగెత్తేవారు. 1985 అస్సాం ఒప్పందం ప్రకారం అక్కడ ఎవరు పౌరులో తేల్చే గీటు తేదీ 1971 మార్చి 24. ఆ రోజుకు ముందే తమ తాతో తండ్రో ఇక్కడ ఉన్నట్టు 1951 నాటి రిజిస్టరులోనో పాత ఓటరు జాబితాలోనో చూపించాలి, ఆ పెద్దమనిషితో తమకున్న బంధుత్వాన్నీ రుజువు చేసుకోవాలి. మగవాళ్లకు ఎలాగో దొరికేది. చిన్నతనంలోనే పెళ్లై వేరే ఊరు పోయిన ఆడవాళ్లకు పుట్టింటి పేరుతో బడి కాగితం ఉండదు, జనన పత్రం ఉండదు. పంచాయతీ కార్యదర్శి ఇచ్చే ధ్రువపత్రం చెల్లుతుందా లేదా అన్నది సుప్రీంకోర్టు దాకా పోయింది. 2019 ఆగస్టు 31న తుది జాబితా వచ్చింది. సుమారు 3.3 కోట్ల దరఖాస్తుదారుల్లో 19 లక్షల మందికి పైగా బయట మిగిలారు. దాన్ని కోరినవాళ్లూ, వ్యతిరేకించినవాళ్లూ కూడా జాబితా తప్పే అన్నారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి దానికి అధికారిక నోటిఫికేషనే రాలేదు.

విదేశీయుడు కాదని నిరూపించుకోవాల్సిన భారం ఆ మనిషి మీదే ఉండేలా 1946 నాటి విదేశీయుల చట్టంలో రాశారు. దాని స్థానంలో 2025 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త వలస, విదేశీయుల చట్టంలోనూ ఆ భారం అలాగే ఉంది. పాస్‌పోర్టు, వీసా లేకుండా వస్తే ఐదేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా. శిక్ష గట్టిదే. సరే, విదేశీయుడని తేలాడు. తర్వాత? అవతలి దేశం తమవాడేనని ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే అతను నిర్బంధ కేంద్రంలో కూర్చుంటాడు. 2025 ఫిబ్రవరిలో అస్సాంలోని మటియా కేంద్రంలో ఉన్న 63 మంది గురించి, ముహూర్తం కోసం ఎదురుచూస్తున్నారా అని సుప్రీంకోర్టు రాష్ట్రాన్ని నిలదీసింది. వారి విదేశీ చిరునామా తెలియదన్నది రాష్ట్రం ఇచ్చిన సంజాయిషీ.

ఆ చిక్కును దాటవేయడానికి అదే ఏడాది వేసవి నుంచి అనుమానితులను నేరుగా సరిహద్దు దాటించడం పెరిగింది. అలా ఢిల్లీ నుంచి పంపిన కొందరి విషయంలో విచారణ సరిగా జరపలేదంటూ కలకత్తా హైకోర్టు సెప్టెంబరులో ఆ ఉత్తర్వులను కొట్టేసి, వెనక్కి తీసుకురమ్మని ఆదేశించింది. తొందరగా చేస్తే మనవాళ్లు అటు పోతారు, నిదానంగా చేస్తే వాళ్లు ఇక్కడే ఉంటారు. ఈ రెండింటి మధ్య సరైన వేగం దొరకాలంటే రెండు దేశాల మధ్య గడువులతో కూడిన పౌరసత్వ నిర్ధారణ ఒప్పందం, ఇక్కడ తగినంతమంది శిక్షణ పొందిన న్యాయాధికారులు, పేదలకు వకీలు కావాలి. వీటికి శంకుస్థాపనలు ఉండవు కనుక ఎవరికీ ఆసక్తి ఉండదు.

నన్నడిగితే మిగిలిన 864లో సాధ్యమైన 690 కిలోమీటర్లకు కంచె వేయాల్సిందే, పరిహారం ముందే చెల్లించి. గేట్ల వేళలు పంటను బట్టి పెంచాలి. కంచెకు అవతల మిగిలిపోయిన ఇళ్లవాళ్లలో ఇవతలికి వస్తామన్నవారికి స్థలం, ఇల్లు ఇవ్వాలి, బలవంతం లేకుండా. కాగితాలు లేనివాళ్లను సగం కూలికి పెట్టుకునే యజమానులను పట్టుకోవాలి. ఇప్పుడు దాడి జరిగితే పట్టుబడేది కూలీ, జారుకునేది యజమాని. పని దొరకదని తెలిస్తే దలాలుకు డబ్బు కట్టేవాళ్లు తగ్గుతారు. చివరిగా, మీ ప్రశ్న కింద వ్యాఖ్య రాసిన ఒకరు ఇజ్రాయెల్ మాదిరి గోడ కట్టాలన్నారు. ఆయన వానాకాలంలో ఒకసారి ధర్లా ఒడ్డుకు వెళ్లి, పునాది ఎక్కడ తవ్వాలో చూపిస్తే అంచనా వేసిపెట్టడానికి నాకేం అభ్యంతరం లేదు.